వారానికి ఒక్క మాత్ర

సోమవారం పొద్దున్న నాగజ్యోతి బీరువా తెరిచి, మామగారి చేతిలో ఒక మాత్ర పెట్టి, మళ్లీ తాళం వేసింది. వంటింటి గుమ్మంలోంచి అత్త బుల్లమ్మ చూస్తూనే ఉంది.

సన్యాసిరావుకి సోరియాసిస్ మొదలై నాలుగేళ్లయింది. మోచేతులూ నడుమూ ఎర్రబడి పొలుసులు రాలేవి. పూతమందులు పనిచేయలేదు. విశాఖలో డాక్టరు లైటు వైద్యం గురించీ, ఇంజెక్షన్ల గురించీ చెప్పాడు. చెరుకు పని వదిలి వారానికి మూడుసార్లు రాలేనని ఆయన మాత్రలకే ఒప్పుకున్నాడు. అప్పుడు వెంట వెళ్లింది కోడలే.

"వారానికి ఒక్కటేటే? ఆ మనిసి గోక్కోలేక సత్తన్నాడు."

"డాక్టరు అలాగే సెప్పేరత్తా" అని నాగజ్యోతి పనిలో పడిపోయింది.

బుల్లమ్మకి మనసొప్పలేదు. మందుకి తాళమెందుకు? ఎస్. రాయవరంలో కోడలి తండ్రికీ ఒంటిమీద మచ్చలున్నాయి. మాత్రలు అటు పోతున్నాయేమో. ఆ మధ్యాహ్నమే చెత్తలో దొరికిన ఖాళీ అట్ట పట్టుకెళ్లి మందుల షాపులో చూపించింది. చీటీ అడక్కుండానే ఇచ్చేశారు. మంగళవారం నుంచి "కోడలిమ్మంది" అంటూ రోజూ భర్తకి ఒకటి వేసింది.

ఆదివారానికి సన్యాసిరావు ముద్ద మింగలేకపోయాడు. నోరంతా పుళ్లు, ఒళ్లు కాలిపోతోంది.

నాగజ్యోతి తన దగ్గరున్న మాత్రలు చూసుకుంది. సరిగ్గానే ఉన్నాయి. "అత్తా, మాఁవకి వేరే మందేటైనా ఇచ్చేరా?"

"నన్నడుగుతావేటి? నువ్వు దాసుకుంటే నేను కొన్నాను. మీ నాన్నకి పంపుతున్నావని నాకు తెల్దనుకున్నావా?" బుల్లమ్మ రొంటిలోంచి అట్ట తీసి విసిరింది. అందులో ఆరు మాత్రలు లేవు.

నాగజ్యోతి ఆ అట్ట అందుకుని చూసింది. "ఇది రోజూ ఏస్తే పేణం తీసే మందత్తా. అందుకే తాళం ఏసేను."

బుల్లమ్మ ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది.

ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. రక్తకణాలు పడిపోయాయని, వెంటనే తెచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరు విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులకి సన్యాసిరావు లేచి కూర్చున్నాడు.

"నా సేత్తో నేనే సంపేసుకుందును" అని బుల్లమ్మ వరండాలో కుమిలిపోయింది. "నిన్ను దొంగనుకున్నానమ్మా."

నాగజ్యోతి ఆమె పక్కన కూర్చుంది. "తప్పు నాదీ ఉంది. నీకేం తెలుస్తుందిలే అనుకుని ఒక్క ముక్క ఇవరంగా సెప్పలేదు."

ఆ మాత్ర ఇక వద్దని, లైటు వైద్యానికి మారదామని చెప్పడానికి డాక్టరు లోపలికి పిలిచాడు. నాగజ్యోతి అత్తని లేవదీసి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఈసారి మా అత్తకి చెప్పండి సార్."

బుల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ముందుకి వంగింది. "వారానికి ఎన్నిసార్లు తేవాలి బాబూ? నెమ్మదిగా సెప్పు."

మూడుసార్లని డాక్టరు చెప్పాడు. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, కోడలి వైపు తిరిగి మళ్లీ అడిగింది.

"మూడే కదే?"

"మూడే అత్తా" అంది నాగజ్యోతి.