రంధ్రం లేని తాళం

తాళాల షాపులో తలుపులు వరసగా నిలబడి ఉన్నాయి. ఇళ్లు లేని తలుపులు. ఒక్కోదానికి ఒక్కో కొత్తరకం తాళం బిగించి, ఇనప కాళ్ల మీద నిలబెట్టారు. పిచ్చుక ఒకదాన్ని తీసి చూస్తే అవతల షాపాయన గొడుగు, అన్నం డబ్బా కనిపించాయి. ఎందుకో ఆ తలుపుల మీద జాలేసింది ఆమెకి. ఎవరో వస్తారని ఎదురుచూస్తూ, లోపల ఎవరూ లేని తలుపులు...

పిచ్చుక ఆమె అసలు పేరు కాదు. పెళ్లైన కొత్తలో మొగుడు ముద్దుగా పెట్టిన పేరు. అదే ఇంట్లో అందరి నోటా స్థిరపడిపోయింది. అందరూ అంటే ఇప్పుడు అత్తయ్య ఒక్కతే.

"ఇది ముఖం చూసి తీస్తుందమ్మా," అన్నాడు షాపాయన.

"పళ్ల సెట్టు తీసేస్తే నన్ను గుర్తుపడుతుందా నాయనా?" అంది అత్తయ్య.

షాపాయన నవ్వాపుకుంటూ పక్క తలుపు దగ్గరికి నడిచాడు. "దీనికి నంబరు నొక్కాలి."

"నా వయసే నాకు గుర్తుండి చావదు. ఇంక నంబరా!"

"అయితే ఇది చూడండి, వేలు ఆనిస్తే చాలు. మన భాషలో మాట్లాడుతుంది కూడా."

పిచ్చుక మాత్రం ప్రతి తాళాన్నీ వంగి, కిందనుంచి కూడా చూస్తోంది. "వీటన్నిటికీ తాళంచెవి రంధ్రం ఉందేంటండీ?"

"అవసరానికి ఉండాలి కదమ్మా. రేపు ఇది మొరాయిస్తే?"

"మొరాయించినా పర్లేదు. రంధ్రం లేనిది కావాలి."

అత్తయ్య మొహం చిన్నబోయింది. షాపాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వెనక గదిలోకి వెళ్లి, దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. నున్నటి నల్లటి తాళం. ఎక్కడా చిన్న కన్నం కూడా లేదు. "దీన్నెవరూ అడగరమ్మా," అన్నాడు.

మొగుడు నది దాటించే లాంచీ నడిపేవాడు. కిందటి వానాకాలంలో లాంచీ బోల్తా పడింది. మిగతా వాళ్లందరూ దొరికారు. అతను దొరకలేదు. వీధి తలుపు తాళంచెవి అతని జేబులోనే ఉండిపోయింది. ఆ చెవికి పిచ్చుకే ఒక మువ్వ కట్టింది, మెట్ల మీద అది మోగగానే పొయ్యి వెలిగించొచ్చని.

ఈ ఏడు వానలు మొదలయ్యాక, లైట్లు వేసే వేళకి, ఆ మువ్వ మళ్లీ వినిపించింది. నీళ్లు నిండినట్టు, బొంగురుగా...

మొదటిసారి ఆమె చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. గడప తడిసి ఉంది. నది అడుగున బురద వాసన. ఆమె ఆ గడప మీదే కూలబడి ఏడ్చింది, భయంతో కాదు. దెయ్యమైతే అయ్యాడులే, నా దెయ్యమే కదా, అనుకుంది. ఆ రాత్రి జడ విప్పి మళ్లీ వేసుకుంది కూడా.

ఆ తర్వాతే ఒక సంగతి గమనించింది. అది తలుపును నెడుతోంది.

వానకి ఆ తలుపు చెక్క ఉబ్బిపోతుంది. బయటనుంచి ముందు తన వైపు ఒకసారి గట్టిగా లాగి, అప్పుడు చెవి తిప్పాలి. లేకపోతే తిరగదు. ఆ ఇంట్లో కొన్నాళ్లున్న ఎవరి చేతికైనా అబ్బిపోయే పని అది. అక్కడే పుట్టి పెరిగిన అతను నిద్రలో కూడా లాగేవాడు. మువ్వ కట్టిన ఆ చెవి పట్టుకుని బయట నిలబడ్డదానికి మాత్రం లాగడం తెలియదు. నెడుతుంది... మళ్లీ నెడుతుంది... భుజం ఆనించి, తొందర లేకుండా.

"నీళ్లల్లో ఉండి మర్చిపోయాడేమోనే," అంది అత్తయ్య, ఎంతో మామూలుగా.

పిచ్చుక గడియ పెడితే అత్తయ్య చప్పుడు కాకుండా వచ్చి తీసేసేది. పెట్టడం, తీయడం. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. నిన్న సాయంత్రం మాత్రం రంధ్రంలో చెవి సగం దాకా తిరిగింది. అది నేర్చుకుంటోంది... తెల్లారగానే పిచ్చుక అత్తయ్యని వెంటబెట్టుకుని తాళాల షాపుకి బయల్దేరింది.

మధ్యాహ్నం షాపాయనే వచ్చి బిగించాడు. పాత తాళం ఊడదీసి, ఆ కన్నం మీద ఇనప రేకు కొట్టాడు. గడియ ఉన్నచోటే కొత్త తాళం కూర్చుంది. "చెక్క బాగా ఉబ్బిందమ్మా. తాళం ఏదైనా సరే, బయటనుంచి ఒక లాగుడు తప్పదు మీకు," అన్నాడు. లోపలి వైపు మూత జరిపి బ్యాటరీలు చూపించాడు. "ఇవి తీసేస్తే తాళం పడుకుంటుంది. బయటనుంచి తలుపు మాత్రం తెరుచుకోదు."

తర్వాత వేళ్లు. పిచ్చుక వేలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "నమోదైంది. పిచ్చుకా, స్వాగతం," అంది తాళం, తీయటి ఆడగొంతుతో. అత్తయ్య వేళ్లు గిన్నెలు తోమీ తోమీ అరిగిపోయాయి. ఏదీ పడలేదు. చివరికి బొటనవేలు పడింది.

"మా వాడికి కూడా ఒక చోటు ఉంచు నాయనా," అంది అత్తయ్య. "బుజ్జి అని పెట్టు."

"ఊళ్లో లేరా?"

"బయటికెళ్లాడు."

షాపాయన పిచ్చుక వైపు చూశాడు. ఆయన లేరండీ, అనాలి. ఒక్క మాట. కానీ ఆ మాట ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు. అత్తయ్య కళ్లు ఆమె పెదాల మీదే ఉన్నాయి. పిచ్చుక కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

"సరే, పేరు పెట్టేశాను. ఆయన వచ్చి వేలు ఆనిస్తే చాలు, ఎలా పెట్టాలో అదే చెబుతుంది," అని సంచీ సర్దుకుని, మబ్బు చూసి గబగబా వెళ్లిపోయాడు.

చీకటి పడుతుండగా వాన అందుకుంది. పిచ్చుక వీధి గదిలో లైటు వేసి కూర్చుంది. అత్తయ్య మూలన కుర్చీలో ఉంది, కొత్త చీర కట్టుకుని. ఎందుకు కట్టుకుందో పిచ్చుక అడగలేదు.

మెట్ల మీద మువ్వ...

ఒక్కో మెట్టుకీ ఒకసారి. తలుపు దగ్గర ఆగింది. బురద వాసన తలుపు కిందనుంచి పాకుతూ వచ్చింది. రేకు మీద ఇనుము గీసుకుంది. రంధ్రం ఉండాల్సిన చోట గీరింది. పైన గీరింది. కింద గీరింది. వెతుకుతోంది. పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేదు... నీకు దారి లేదు... పో.

గీరడం ఆగింది.

వాన ఒక్కటే చప్పుడు.

అప్పుడు తాళం వెలిగింది. తీయగా, మర్యాదగా అంది:

"వేలు పెట్టండి."

పిచ్చుక దిగ్గున లేచింది.

"వేలు తీసి, మళ్లీ పెట్టండి."

"వాడే..." అత్తయ్య గొంతు గుసగుసలాడింది.

"కాదు అత్తయ్యా. ఆయన కాదు. ఆయన లాగుతారు..."

"వేలు తడిగా ఉంది. తుడుచుకుని పెట్టండి."

బయట ఏదో తుడుచుకుంది. చెక్కకేసి, నెమ్మదిగా. పిచ్చుక ఒక్క ఉరుకున తలుపు దగ్గరికి వెళ్లి లోపలి మూత పట్టుకుంది. అత్తయ్య వెనకనుంచి ఆమె చెయ్యి పట్టుకుని వేలాడింది. ముసలిదానికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"వద్దే అమ్మడూ... నీ కాళ్లు పట్టుకుంటాను... వాణ్ణి రానియ్యి..."

"ఆయన లేరు అత్తయ్యా!"

అనేసింది. ఇద్దరూ కదల్లేదు. బయట ఉన్నది కూడా కదల్లేదు. విన్నట్టుగా...

"ఇంకొక్కసారి," అంది తాళం.

పిచ్చుక మూత లాగి లోపలికి వేలు దూర్చింది. ఆ వేలికి చల్లగా ఏదో తగిలింది. ఇనుము చల్లదనం కాదు. మెత్తగా ఉంది. తలుపు అవతలినుంచి ఎవరో సరిగ్గా ఆమె వేలికి వేలు ఆనించినట్టు... బ్యాటరీలు ఊడి నేల మీద దొర్లాయి. తాళం ఆరిపోయింది.

మువ్వ మళ్లీ మోగలేదు. మెట్లు దిగిన చప్పుడూ లేదు.

తెల్లారేదాకా ఇద్దరూ నేల మీదే ఉన్నారు. అత్తయ్య ఏడ్చి ఏడ్చి కోడలి ఒళ్లోనే తల పెట్టుకుని నిద్రపోయింది. పిచ్చుక ఆ తల నిమురుతూ కూర్చుంది. ఒక్క వేలికి మాత్రం స్పర్శ తెలియడం లేదు.

ఫోను చేస్తే పొద్దున్నే షాపాయన వచ్చాడు. వాన వెలిసింది. లోపల కుర్చీలో అత్తయ్య కాఫీ తాగుతోంది. గడప ఆరిపోయి, ఏ మరకా లేకుండా ఉంది. షాపాయన బ్యాటరీలు వేసి, తాళానికి తన ఫోను కలిపి చూశాడు.

"మీవారు వచ్చినట్టున్నారే! వేలు పడింది."

"తీసేయండి," అంది పిచ్చుక.

"అదేంటమ్మా, ఇప్పుడేగా..."

"తీసేయండి. ఆయన లేరు. పోయారు."

ఈసారి ఆ మాట తేలిగ్గానే వచ్చింది. షాపాయన ఫోనులో ఏదో నొక్కాడు, మళ్లీ నొక్కాడు. "తీసేశానమ్మా. ఇంక మీ ఇద్దరివే. తలుపు వేసి, బయటనుంచి ఒకసారి మీ వేలు పెట్టి చూడండి. నా తృప్తి కోసం."

ఇద్దరూ బయటికి వచ్చాక ఆమె తలుపు దగ్గరికి లాగి వేసింది. టక్కుమని తాళం పడింది. ఎన్నాళ్లకో ఊపిరి హాయిగా ఆడింది. స్పర్శ లేని ఆ వేలే ఆనించింది.

"బుజ్జీ, స్వాగతం," అంది తాళం.

షాపాయన ఫోను వైపు, ఆమె వేలి వైపు చూశాడు. "ఇప్పుడే కదా తీసేశాను..."

లోపల కాఫీ గ్లాసు కింద పడింది. "బుజ్జీ... వచ్చావా నాన్నా?"

తలుపు కదల్లేదు. చెక్క ఉబ్బి ఉంది.

"లాగాలమ్మా," అన్నాడు షాపాయన. "మీ వైపు లాగండి."

పిచ్చుకకి ఆ మాట వినిపించింది. చేతికి మాత్రం వినిపించలేదు. ఆమె నెట్టింది... మళ్లీ నెట్టింది... భుజం ఆనించి, తొందర లేకుండా.