మోచేతి అలవాటు

...చంపింది నువ్వే అని అన్నయ్య అన్నది ఒక్కసారే, అదీ కోపంలో. కానీ మాట ముల్లులాంటిది, తీసినా సలుపు పోదు. డిటెక్టివ్ గదిలో కుర్చీ అంచున కూర్చున్న ఆమె మనసు అక్కడే గిరగిరా తిరుగుతోంది. షుగరు తగ్గిస్తుందన్న ఆ పొడి నాన్నకి కలిపిచ్చింది తన చేతులే. "ఇది తాగండి, ఇక సూదులతో పనిలేదు" అని టీవీలో డాక్టరు చెప్పాడని ఇన్సులిన్ మాన్పించిందీ తనే. నాన్న కాలి పుండు కోసి ప్రాణం నిలిపిన డాక్టరాయన. ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. పొడి డబ్బా సగమైనా కాకముందే నాన్న పోయాడు.

తీరా నిలదీస్తే, "ప్రకటనలో ఉన్నది నేను కాను" అన్నాడాయన. అదే నిజమైతే, ఎవడో వేషగాణ్ణి నమ్మి తండ్రిని పొట్టనబెట్టుకున్నది తనే.

అన్నయ్య గోడకానుకుని నిలబడ్డాడు. డాక్టరు సోఫాలో కూర్చున్నాడు. పొడి కంపెనీలో ప్రచారం చూసే మేనేజరు డిటెక్టివ్ ముందు చేతులు కట్టుకున్నాడు.

"తప్పు మాదే సార్. నటుడితో తీసి, మొహం మాత్రం కంప్యూటర్లో డాక్టరుగారిది అతికించాం. ఆయనకేం తెలీదు."

"నటుడికి ఏం చెయ్యాలో ఎవరు చెప్పారు?"

"నేనే. చేతులు కడుక్కోవాలి, పొడి కలుపుకుని తాగాలి. అంతే."

"చేసి చూపించండి."

మేనేజరు మూలనున్న సింకులో చేతులు కడుక్కుని, కుళాయిని వేళ్లతో కట్టేశాడు.

డిటెక్టివ్ తన అసిస్టెంటు వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ ప్రకటన పెట్టు."

తెరమీద తెల్లకోటు మనిషి కడిగిన చేతులు పైకెత్తి పట్టుకుని, వంటింటి గుండ్రటి కుళాయిని మోచేత్తో నానా తంటాలు పడి కట్టాడు.

"డాక్టరుగారూ, కుళాయి ఇలా ఎవరు కడతారండీ?"

డాక్టరు నవ్వాడు. "ఆపరేషన్లు చేసేవాళ్లం. కడిగిన చేతుల్తో దేన్నీ ముట్టుకోం కదా. ఏళ్ల తరబడి చేస్తే ఒంటికి పట్టేస్తుంది, ఇంటికెళ్లినా..."

అతని చూపు తెరమీది మోచేతి మీద పడింది.

"మొహం అతికించారు, సరే. ఈ మోచెయ్యి ఎవరిది?"

"అందుకా సార్, పొద్దుట్నుంచీ మోచెయ్యి పెట్టి ఆ కుళాయితో కుస్తీ పడుతున్నారు!" అసిస్టెంటు కళ్లు మెరిశాయి. "ప్లంబర్ని పిలుద్దామనుకున్నా."

డిటెక్టివ్ నవ్వకుండా డాక్టరు వైపు తిరిగాడు. "మేనేజరు ఇరుక్కుంటే కంపెనీకి పోయేది ఒక ఉద్యోగి. మీరు దొరికితే అమ్ముకోడానికి వాళ్లకేం మిగలదు. వాళ్ల సరుకంతా మీ మొహమే. అందుకే ఇతన్ని బలిపశువుని చేశారు."

మేనేజరు తల దించుకున్నాడు. "సూదుల మాట తీసేద్దామన్నాను సార్. ఉంచినా పర్లేదని ఆయనే అన్నారు."

"రాసిచ్చింది చదివాను," డాక్టరు గొణిగాడు. "అందరూ చేసేదే."

"కత్తి పట్టినప్పుడూ ఎవడో రాసిచ్చిందే చదువుతావా?" అన్నయ్య అరిచాడు. చెల్లెలి వైపు చూడబోయి, చూడలేక నేలచూపులు చూశాడు.

డాక్టరు ఆమె ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నన్ను క్షమించు."

ఆమె లేచింది. జోడించిన ఆ చేతుల్ని మణికట్ల దగ్గర పట్టుకుని, విడదీసి పక్కకు తోసేసింది.