పడవ కొట్టం ముందు మూడు వెలుగులు

పిల్లలూ, ఈ సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. ఫోనులో చెబితే రాత్రి భయపడతారేమోనని ఇన్నాళ్లూ ఆగాను.

కువైట్ ఒడ్డుకు చాలా దూరంలో, సముద్రం మధ్య ఒక చిన్న దీవి. దాని మీద పాత పడవ కొట్టం. ఒకప్పుడు ఎనిమిదిమంది అక్కడే కాపురముండి, ఇసుక మేటల్లో చిక్కుకున్న పడవల వాళ్లను కాపాడేవాళ్లట. ఒక గాలివాన రాత్రి, కాపలావాడు నీళ్లలో దీపం చూసి కూడా ముసుగుతన్ని పడుకున్నాడట. తెల్లారి ఒడ్డుకు కొట్టుకొచ్చింది అతని తమ్ముడి శవం. ఆ తమ్ముడంటే అతనికి పడేది కాదు...

అప్పటినుంచి ఆ కొట్టంలో ఒంటరిగా ఎవరూ ఉండరు.

ఇప్పుడక్కడ ఇద్దరే కాపలా — రాజంపేట పెంచల్, రాయచోటి మస్తాన్ వలి. వలికి పెళ్లి కాలేదు. ప్రతి శుక్రవారం పెంచల్ ఇంటికి వీడియో కాల్ చేస్తే, ఆరేళ్ల కూతురు అరుణజ్యోతి తండ్రి ముఖం చూసీ చూడకముందే—

"నాయనా, వలీ మామకియ్యి!"

"నేను కనపడల్యా పాపా?"

"నువ్వు తిన్యావా, బడికి పోయినావా అనే అడుగుతావు. మామ పిల్లి మాదిరి అరుస్తాడు."

వలి అరిచేవాడు. పాప పడీ పడీ నవ్వేది. పెంచల్ లోలోపల ఉడికిపోయేవాడు. కన్నది తను... ఆ నవ్వు మాత్రం వాడికి!

ఒక సాయంత్రం వలి చిన్న పడవలో వల తీయడానికి పోయాడు. చీకటి పడింది. గాలి లేచింది. మనిషి రాలేదు.

దూరంగా వెలుగు... మూడుసార్లు. ఆగింది. మళ్లీ మూడుసార్లు.

వెలుగు కనబడితే చేతిలో ముద్ద వదిలేసి పడవ దించాలి. అది ఆ కొట్టం కట్టుబాటు. పెంచల్ చేతిలో ముద్ద ఉంది. తిన్నాడు. ఇంకో ముద్ద కలిపాడు.

"తడవనీలే కాసేపు," అని గొణిగాడు.

వెలుగు రెండుసార్లే వచ్చింది. తర్వాత ఒక్కసారి. తర్వాత... లేదు.

పెంచల్ చేతిలో ముద్ద వదిలేశాడు. శుక్రవారం పాప "మామ ఏడీ?" అంటే ఏం చెప్పాలి? ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు.

కొట్టంలో మిగిలింది ఇద్దరు నెడితే తప్ప కదలని పెద్ద పడవ. ఒక్కడే భుజం ఆనించాడు... జర్రున జారింది. పక్కన ఎవరో ఆయాసపడుతున్నట్టు... తిరిగి చూడలేదు.

కేకలు వినబడిన వైపు పోతే, వలి బోర్లాపడిన పడవను పట్టుకుని వేలాడుతున్నాడు. లోపలికి లాగగానే పెంచల్ భోరుమన్నాడు.

"నీ లైటు చూసినా వలీ... చూసి కూడా..."

"లైటా?" వలి పళ్లు టకటకలాడుతున్నాయి. "యాడ లైటన్నా? పడవ తిరగబడంగానే టార్చి నీళ్లలో పాయె. నేను వట్టి కేకలే యేసినా."

ఇద్దరూ చీకట్లోకి చూశారు... ఎక్కడా దీపం లేదు.

పెంచల్ తన నోటితోనే చెబితే విన్నాను. మీరూ మీ తోటి పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు, చూసి కూడా ఆయన కూర్చునే ఉన్నాడన్న మాట దాచకండి. నాకు చెప్పేటప్పుడు ఆయన దాచలేదు.