బోర్లించని గ్లాసు

అయినా ఇరవైకి పదిహేనంటే మరీ తక్కువేమీ కాదు కదా అని స్టోయన్ తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్న మరుక్షణమే ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. మిగతా నలుగురూ పద్దెనిమిదీ, పద్దెనిమిదిన్నరా వేసినచోట పదిహేను తక్కువే. బంగారు పతకం రావలసిన తెరాన్ వైన్‌ను వెండి దగ్గర ఆపేసేంత తక్కువ.

చేతిలోని సూదిని పంది తొడలోకి గుచ్చి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుర్రం ఎముకతో చేసిన సూది అది. ఆరబెట్టిన ఒక్కో తొడకూ నాలుగుచోట్ల గుచ్చి వాసన చూడడం, బాగుంటే ముద్ర వేయడం, చెడితే పక్కన పెట్టడం. పదేళ్ళుగా అతని పని అదే. చల్లని నేలమాళిగలో ఏడువందల తొడలు వరసలుగా వేలాడుతుంటాయి. ఏ ఒక్కటీ "నా గురించి ఏమనుకుంటున్నావు?" అని అడగదు. ఆ నిశ్శబ్దం అతనికి ఇష్టం.

బయట బ్యాండువాళ్ళు ఊరేగింపుకు బాకాలు సరిచూసుకుంటున్నారు. ఆదివారం, తెరాన్ పండుగలో ఆఖరి రోజు. ఇవాళ పనికి రానక్కర్లేదు. ఇంట్లో ఉంటే ఆలోచనలు వస్తాయని వచ్చాడు. అవి అతనికన్నా ముందే వచ్చి కూర్చున్నాయి.

గురువారం పాత బడి గదిలో తనతో కలిపి కమిటీవాళ్ళు ఐదుగురు కూర్చుని పదహారు వైన్‌లు రుచి చూశారు. గ్లాసుల మీద అంకెలే తప్ప పేర్లుండవు. ఈ ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు కాబట్టి పెద్దాయన లోయ్జె ఎప్పుడో ఒక నియమం పెట్టాడు. వాసన చూడగానే ఇది ఫలానావాళ్ళ వైన్ అని తెలిసిపోతే, గ్లాసులో మిగిలింది పారబోసి, గ్లాసును బల్ల మీద బోర్లించాలి. మార్కు వేయకూడదు. మిగతావాళ్ళ మార్కులే లెక్కలోకి వస్తాయి.

పదకొండో గ్లాసు.

ముందు అన్ని తెరాన్‌లకూ ఉండే వాసనే, పండిన రాస్ప్‌బెర్రీ. దాని వెనక ఎర్రమట్టిలోని ఇనుము. ఆ వెనక, చాలా వెనక, తడిసిన జూనిపర్ పొద. స్టోయన్ కళ్ళు మూసుకున్నాడు. మూసుకోకుండా ఉండాల్సింది.

పోయిన సెప్టెంబరులో అలెంక తోటలో పళ్ళు కోయడానికి ఒకరోజు సాయం వెళ్ళాడు. ఆమె నగరంలో ఉద్యోగం మానేసి వచ్చి, తాత నాటిన ద్రాక్షతో మొదటిసారి సొంతంగా వైన్ చేయబోతున్న ఏడాది అది. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కురిసింది. గట్టు పక్కన పశువుల కాపరులు ఎప్పుడో కట్టుకున్న రాతి గూడు ఒకటుంది. ఒక మనిషి హాయిగా, ఇద్దరు మనుషులు ఇబ్బందిగా పడతారు. ఇద్దరూ అందులో దూరారు. తన కోటు ఆమె భుజాల మీద కప్పాడు. ఆమె వేళ్ళు ద్రాక్షరసంతో ఊదారంగులో ఉన్నాయి. గుమ్మానికి అడ్డంగా జూనిపర్ పొద తడుస్తోంది.

"ఏమిటంత ఆలోచిస్తున్నావు?" అని అడిగింది ఆమె.

"వాన గురించి."

"అబద్ధం. వాన గురించి ఆలోచించేవాడు వాన వైపు చూస్తాడు."

అతను వెంటనే వాన వైపు చూశాడు. వెలిసేదాకా దాని వైపే చూశాడు. ఆమె నవ్వు మాత్రం వినిపిస్తూనే ఉంది.

గ్లాసు బోర్లించాలి. చెయ్యి కాడ మీదకు వెళ్ళింది కూడా. కానీ శనివారం పేర్లు బయటపెడతారు. ఎవరు ఏ గ్లాసు బోర్లించారో ఊరంతా పండుగ అయ్యేదాకా చెప్పుకుని నవ్వుకుంటుంది. ఆదివారం నుంచి అలెంక ఇంటి పెరట్లో అందరూ ఆ వైన్ తాగుతూనే ఉన్నారు. పదహారింటిలో దాన్ని తనొక్కడే గుర్తుపట్టాడంటే, ఏం చూసి గుర్తుపట్టాడని అడగరా?

సరే, బోర్లించకుండా మార్కు వేద్దామనుకున్నాడు. పద్దెనిమిది వేయబోయి ఆగాడు. ఇది వైన్‌కు వేస్తున్నదా, వేళ్ళకు వేస్తున్నదా? తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోలేని మనిషి నిజాయితీగా ఉండాలంటే తన ఇష్టాన్ని అందులోంచి తీసేయాలి. ఎంత తీసేయాలి? మూడు తీసేశాడు. పక్కన రెండు మాటలు రాయాలి కాబట్టి రాశాడు: "తొందరపడిన వైన్. ఇంకా ఆగాల్సింది."

బయటికొచ్చేటప్పుడు లోయ్జె భుజం తట్టాడు. "ఏరా, ఒక్క గ్లాసైనా బోర్లించలేదు. అంత ముక్కుకూ జలుబు చేసిందా?"

"ఏదీ గుర్తుపట్టలేదు బాబాయ్."

అన్యాయం చేయకూడదని చేసిన అన్యాయం అది. ఈ సంగతి అతనికి శుక్రవారం అర్థమైంది. శనివారం పతకాలు ఇస్తున్నప్పుడు అలెంక మొహం చూశాక ఇంకోసారి అర్థమైంది.

సూది తుడిచి పెట్టెలో పెట్టి, నేలమాళిగ తాళం వేశాడు.

*

కూడలి దగ్గర కర్రకు కట్టిన ఐవీ తీగ కొమ్మ ఎండకు వాడిపోయి ఉంది. కింద బాణం గుర్తు. ఈ ప్రాంతంలో వైన్ చేసినవాళ్ళు ఎనిమిది రోజులు పెరటి తలుపులు తెరిచి, వచ్చినవాళ్ళకు తమ వైన్, తమ ఇంటి తిండీ పెడతారు. దారి చూపించేది ఆ కొమ్మే. అలెంక ఇంట్లో ఇవాళ ఎనిమిదో రోజు. స్టోయన్ ఏడు రోజులూ వచ్చాడు. ఇవాళ రాకపోతే అది కూడా ఒక జవాబే అవుతుందని వచ్చాడు.

రాతిగోడల మధ్య పెరడు నిండిపోయి ఉంది. ఊరేగింపు అయిపోయి బ్యాండువాళ్ళు టోపీలు తీసి గోడ మీద పెట్టుకున్నారు. మల్బరీ చెట్టు కింద మూల కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. ఏడు రోజులూ అది అతనికి ఖాళీగానే దొరికింది. అదృష్టమనుకున్నాడు.

"వచ్చావా నాయనా," అంది అలెంక వాళ్ళ నాయనమ్మ, గుడ్లు ఉడికిన గిన్నె బల్ల మీద పెడుతూ. ఊళ్ళో అందరూ ఆమెను నోనా అనే పిలుస్తారు. "కోటు కోసమే రోజూ వస్తున్నావనుకున్నాను. అడగవేం?"

"ఏ కోటు నోనా?"

ఆమె గడ్డంతో చూపించింది. పీపాలుండే గది తలుపుకు, లోపలివైపు మేకుకు, అతని కోటు వేలాడుతోంది. అంచుకు నిరుటి ఎర్రమట్టి ఎండి అట్టకట్టి ఉంది.

"ఉతుకుతానంటే ముట్టుకోనివ్వదు. మట్టి రాలిపోతుందట," అంది నోనా. "మట్టి రాలకపోతే ఇంకేం రాలుతుంది?"

"నోనా!" గదిలోంచి అలెంక గొంతు. తరవాత అలెంక. చేతిలో కూజా, మోచేతి కింద ఒక కాగితం. స్టోయన్‌ను చూసి కూజా అతని ముందు దించింది, పోయలేదు.

"నువ్వు కమిటీలో ఉన్నావుగా. ఇది చదువు."

అతనికి చదవనక్కర్లేదు. అయినా చదివినట్టు కళ్ళు కదిపాడు. ఐదుగురి మార్కులూ అభిప్రాయాలూ పేర్లు లేకుండా తిరగరాసి ఇస్తారు. నాలుగు మెచ్చుకోళ్ళు. ఐదోది అతనిది.

"తొందరపడిందట," అంది అలెంక. "పదకొండు నెలలు ఆగాను. రోజూ ఉదయం పీపాకు చెవి పెట్టి విన్నాను. పక్కింటివాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. ఇంకెంత ఆగాలట? చెప్పు, ఇంకెంత?"

"ఒక్క మాటే కదా. మిగతా నలుగురూ బాగుందన్నారుగా."

"మెచ్చుకున్నవాళ్ళు మర్యాదకు మెచ్చుకుని ఉండొచ్చు. ఇలా రాసినవాడికి ఏ మర్యాదా లేదు. అంటే నిజం చెప్పాడన్నమాట." కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది. "ఆరు గంటలకు సహకార సంఘం వాళ్ళు వస్తున్నారు. ఇక మీద పళ్ళు వాళ్ళకే ఇచ్చేస్తాను. సంతకం పెట్టేస్తే వైన్ చేయాలన్న పిచ్చి వదులుతుంది. నా పాత గది ఇంకా ఖాళీగానే ఉందట నగరంలో."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. స్టోయన్‌కు అది చాలా దూరం నుంచి వినిపించింది. నిజం చెప్పాడన్నమాట. తనను గురించి ఎవరూ ఇంత గొప్పగా, ఇంత తప్పుగా అనుకోలేదు.

"తొందరపడకు," అన్నాడు.

"నువ్వు కూడా అదే మాట!"

అతను నాలుక కరుచుకున్నాడు. ఆమె చూడలేదు. లేచి నిలబడి పెరడంతా వినేలా చప్పట్లు కొట్టింది.

"లోయ్జె బాబాయ్! ఇవ్కో అన్నా! ఇలా రండి. కమిటీవాళ్ళు ముగ్గురు ఇక్కడే ఉన్నారు. ఇంకోసారి రుచి చూడాలి, నా కళ్ళముందు."

"పతకాలిచ్చాక పరీక్షేమిటే?" అన్నాడు లోయ్జె.

"పరీక్ష నాకు కాదు, మీ ముక్కులకు."

ఎనభయ్యేళ్ళ లోయ్జె సరదాగానే వచ్చాడు. ఇవ్కో వస్తూ వస్తూ చేతిలోని హామ్ ముక్క నోట్లో వేసుకున్నాడు. అలెంక బల్ల మీద సుద్దతో ఒకటి, రెండు, మూడు అంకెలు వేసి, గదిలోకి వెళ్ళి మూడు గ్లాసులు నింపి తెచ్చింది. ఒకటి తన వైన్. మిగతా రెండూ ఇరుగుపొరుగువి. జనం చుట్టూ మూగారు.

ముందు ఇవ్కో. మొదటి గ్లాసు వాసన చూశాడో లేదో, దాన్ని నేల మీద పారబోసి టక్కున బోర్లించాడు. "నాది! చచ్చిపోయి లేచినా పట్టేస్తాను."

"అది మీ బావమరిదిది," అంది అలెంక.

పెరడు గొల్లుమంది. బావమరిది దూరం నుంచి గ్లాసెత్తి దండం పెట్టాడు. ఇవ్కో మిగతా రెండింటికీ పదిహేడు, పద్దెనిమిదిన్నర చెప్పి, మొహం తుడుచుకుంటూ వెనక్కి తగ్గాడు. మొదటి గ్లాసు మళ్ళీ నింపాక లోయ్జె తీరిగ్గా చూశాడు. మూడో గ్లాసు దగ్గర ఎక్కువసేపు ఆగి, "పద్దెనిమిది," అన్నాడు. "పద్దెనిమిది కన్నా తక్కువ వేసినవాడి నోరు సబ్బుతో కడగాలి. ఎవరిదే ఇది?"

 అలెంక చెవులు ఎర్రబడ్డాయి.

"చూశావా," అంది నోనా గుడ్డు ఒలుస్తూ. "తక్కువ వేసినవాడెవడోగానీ వాడికి ముక్కు లేకపోయి ఉండాలి."

"లేదా ఎవరిదో తెలిసి కావాలని వేసి ఉండాలి," అంది అలెంక.

"తెలిసినవాడైతే బోర్లించేవాడుగా. అదేగా మన పద్ధతి," అన్నాడు లోయ్జె. "నీ వైన్‌ను ఎవరూ బోర్లించలేదు. తెలిసీ బోర్లించలేదంటే..." ఆ ఆలోచన నచ్చక మధ్యలో ఆపేశాడు. "ఛ, మన కమిటీలో అలాంటివాడెవడున్నాడు. స్టోయన్, నువ్వు రా. నీ ముక్కే మిగిలింది."

అలెంక మళ్ళీ గ్లాసులు నింపి తెచ్చింది. వరస మార్చిందో లేదో ఎవరికీ తెలియకుండా అంకెల మీద పెట్టింది. మూడో గ్లాసు పెట్టేటప్పుడు ఆమె వేలు అతని చేతికి తగిలింది. తగిలిందో తగిలించిందో అతను ఎప్పటిలాగే తేల్చుకోలేకపోయాడు.

మొదటిది పదహారున్నర అన్నాడు. రెండోది పదిహేడు. గొంతు మామూలుగానే ఉంది.

మూడోది ఎత్తకముందే తెలిసింది. రాస్ప్‌బెర్రీ, ఇనుము, ఆ వెనక తడిసిన జూనిపర్. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. అయినా అతనికి వాన చప్పుడు వినిపించింది.

పద్దెనిమిది అంటే సరిపోతుంది. ఇంకో అరమార్కు కలిపితే ఆమె నవ్వుతుంది కూడా. పదిహేను ఎవరు వేశారో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. తెలియకుండానే ఆరు గంటలవుతుంది. ఆమె సంతకం పెడుతుంది. మేకు మీది కోటు తీసి, ఉతికి, మడతపెట్టి ఎవరి చేతో పంపిస్తుంది.

బోర్లిస్తేనో? ఇవాళ గుర్తుపట్టినవాడు గురువారం కూడా గుర్తుపట్టే ఉంటాడు. గుర్తుపట్టి కూడా దాచాడు. ఎందుకు దాచాడన్నది కూడా ఈ పెరట్లో ఉన్నవాళ్ళు గ్లాసు ఖాళీ అయ్యేలోపే తేల్చేస్తారు. అందరికన్నా ముందు ఆమె తేలుస్తుంది. కోప్పడుతుంది. ఆ కోపంలో సంతకం మాత్రం మరిచిపోతుంది. అన్యాయం తనది, వైన్‌ది కాదని తెలుస్తుంది. ఆ తరవాత ఏమవుతుందో అతనికి తెలియదు. పదేళ్ళుగా ఏమవుతుందో ముందే తెలిసిన పనులే చేస్తూ వచ్చాడు.

"ఏరా, నిద్రపోయావా?" అన్నాడు లోయ్జె. "మార్కు చెప్పు."

"ఏమిటంత ఆలోచిస్తున్నావు?" అంది అలెంక. పైకి మామూలుగానే అడిగింది. కానీ ఆ మాట ఇదివరకు ఎక్కడ అడిగిందో ఆమెకూ గుర్తుందని కళ్ళు చెప్పాయి.

నియమం ప్రకారం మిగిలింది పారబోయాలి. అతనికి మనసొప్పలేదు. మెల్లగా, తొందరపడకుండా, ఆఖరి చుక్కదాకా తాగాడు. ఈసారి వాన వైపు చూడలేదు. అలెంక వైపే చూస్తూ, ఖాళీ గ్లాసును మూడో అంకె మీద బోర్లించాడు.