కమాండర్ గారిని తరిమిన తెల్ల మొహం

పెంకుల ఫ్యాక్టరీ మలుపు మంచిది కాదు. ఆ మాట ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. మూతపడ్డ ఫ్యాక్టరీ, సగం కూలిన పొగగొట్టం, దాన్ని ఆనుకుని ఓ రేకుల షెడ్డు... చీకటి పడ్డాక ఆ షెడ్డు చుట్టూ తల లేని సిపాయి ఒకడు తిరుగుతాడట. ఎదురైనవాణ్ణి నిలబెట్టి, "నా బండి ఎక్కడ?" అని అడుగుతాడట.

తలే లేనివాడు ఏ నోటితో అడుగుతాడని ఇంతవరకూ ఒక్కరికీ అనుమానం రాలేదు. దెయ్యాల దగ్గర మనవాళ్లు అంత పట్టింపుగా ఉండరు.

ఇంతకీ ఆ సిపాయిని పుట్టించింది కమాండర్.

కమాండర్ అంటే మీసాలు మెలేసిన యోధుణ్ణి ఊహించుకోకండి. ఆయన పళ్ల డాక్టరు. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే రకం. పాత మిలటరీ బండ్లంటే ఉన్న పిచ్చి చూసి బావమరిది వెటకారంగా పెట్టిన పేరది. ఈయన దాన్ని బిరుదులా మోశాడు. ఎక్కడో వేలంలో ఒక పాత మిలటరీ ట్రక్కు కొని, ఆ రేకుల షెడ్డులో పెట్టి ఏడేళ్లుగా బాగుచేస్తున్నాడు. సామాన్లు దొంగల పాలు కాకుండా ఆ తల లేని సిపాయిని కాపలా పెట్టాడు. బాగానే పనిచేశాడు కూడా. ఒక్క నట్టు పోలేదు.

ఈ సంగతంతా నాకు చెప్పింది ఆయనే. తన మీద తనే పడీ పడీ నవ్వుతూ చెప్పాడు.

ఏడేళ్లలో ట్రక్కుకి రంగు పడింది, పైన గుడ్డ కప్పు పడింది, సీట్లు పడ్డాయి, తలుపు మీద నంబరు కూడా అచ్చంగా పడింది. ఇంజను మాత్రం స్టార్టవలేదు. దగ్గేది, తుమ్మేది, ఇంత పొగ వదిలేది, మళ్లీ ముసుగుతన్నేది. పనిలో సాయానికి మెకానిక్ తాత ఉండేవాడు. మిలటరీ వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. ఆయన ఒకటి చెప్తే కమాండర్ పుస్తకం తెరిచి ఇంకోటి చేసేవాడు.

ఇక కమాండర్ భార్య. ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ట్రక్కు కొన్నరోజే తెగేసి చెప్పింది. "అది తన ఇంజనుతో తను నడిచొస్తే గేటు తెరుస్తాను. తాళ్లు కట్టి ఈడ్చుకొచ్చిన శవాన్ని మాత్రం నా ఇంటి ముందు పెట్టనివ్వను."

ఇలా ఉండగా షెడ్డు ఓనరు స్థలం అమ్మేశాడు. తెల్లారి ఏడింటికి పడగొట్టేస్తారు. ఆలోపు ట్రక్కు కదలకపోతే పాత ఇనుము వాడు గ్యాస్ కట్టరుతో వచ్చి ముక్కలు కోసి పట్టుకుపోతాడు. ఆ ముందు రోజు పొద్దున్నించీ కమాండరూ, తాతా దాంతో కుస్తీ పట్టారు. సాయంత్రం ఐదయింది. దగ్గింది, తుమ్మింది, పడుకుంది.

"ఇక వదిలేయ్ తాతా" అన్నాడు కమాండర్. చేతులైనా కడుక్కోకుండా ఇంటికొచ్చేశాడు.

భార్యకు ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ "ఊఁ" అంది. పెట్టేసింది. అంతే! పీడ విరగడైందని సంతోషిస్తోంది కాబోలు అనుకుని ఈయన ఇంకాస్త కుంగిపోయాడు.

ఎనిమిదయింది. ఆవిడ ఇంకా రాలేదు. కరెంటు పోయింది. చీకట్లో గోడకేసి చూస్తూ ఎంతసేపని కూర్చుంటాడు? ఆఖరిసారి ఆ సీట్లో ఒక్క పది నిమిషాలు కూర్చుని వద్దామనిపించింది. ఫోనూ టార్చీ మర్చిపోయి, కాళ్లకు చెప్పులు తగిలించుకుని బయల్దేరాడు.

కిలోమీటరు దూరం. అమావాస్య దగ్గర పడ్డ రోజులు... కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించడంలేదు. ఫ్యాక్టరీ గోడ మొదలైంది. సిపాయి గుర్తొచ్చాడు.

"ఛ, వాణ్ణి పుట్టించింది నేనే కదా" అని పైకే అనుకున్నాడు. అనుకున్నాక ఎందుకో అడుగులు చిన్నవయ్యాయి.

మలుపు దగ్గరకొచ్చాడు...

మొదట వినిపించింది మూలుగు. సన్నగా, సాగదీసి, ఎవరో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నట్టు... ఊఁ... ఊఁ... దాని కింద ఇంకేదో గుర్రుగుర్రుమంటోంది.

ఆగాడు.

మలుపు చివర, నేలకు మూరెడు ఎత్తులో — తెల్లటి మొహం.

గుండ్రంగా ఉంది. కళ్లు లేవు. ముక్కు లేదు. మొండెం అసలే లేదు. మొహం అంచు చుట్టూ మాత్రం వరసగా పళ్లు. పళ్ల డాక్టరు కదా, అంత భయంలోనూ చూపు అటే పోయింది. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో అలాంటి దవడ ఆయన చూడలేదు.

అప్పుడు తట్టింది. తను ఊరంతా చెప్పింది తల లేని మొండెం గురించి. ఇప్పుడు ఎదురుగా ఉన్నది మొండెం లేని తల.

'అయితే... మిగతాది ఇదన్నమాట!'

ధబ్... ధబ్...

ఎవరో చీకటి లోపల్నించి తలుపు బాదినట్టు రెండు దెబ్బలు. మొహం కదిలింది. మెల్లగా తనవైపే వస్తోంది. దాంతోపాటే గుప్పున కాలిన నూనె వాసన. నరకంలో పాపుల్ని వేయించడానికి నూనె కాస్తారని చిన్నప్పుడు విన్నాడు. సరిగ్గా అదే వాసన అనుకున్నాడు.

"నేను కాదు... బావమరిది..." అన్నాడట. అందులో బావమరిది తప్పేమిటో ఆయనకూ తెలీదు.

తర్వాత పరుగు.

యాభై రెండేళ్ల వయసు, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట. వంద గజాలకే ఊపిరి అందలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వెనక్కి చూశాడు... వస్తోంది. తొందరేమీ లేకుండా, తాపీగా వస్తోంది. తాపీగా వచ్చే దెయ్యం అంత భయంకరమైంది ఇంకోటి లేదు. వీడెక్కడికి పోతాడులే అన్న ధీమా అది.

మళ్లీ పరిగెత్తాడు. మెయిన్ రోడ్డెక్కాడు. అదీ ఎక్కింది.

మందుల షాపు పక్కనుంచి ఎడమకి తిరిగాడు. అదీ ఎడమకే తిరిగింది.

తమ వీధిలోకి మళ్లాడు...

ధబ్, ధబ్.

అదీ మళ్లింది!

ఇంటి అడ్రసు కూడా తెలుసన్నమాట. మురిక్కాలవలో ఓసారి పడి లేచి, గేటు దూకాడో, తోసుకుని వచ్చాడో గుర్తులేదు, మెట్ల కింద నీళ్ల డ్రమ్ము వెనక నక్కాడు. తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. ఇంకెప్పుడూ ఎవరికీ అబద్ధం చెప్పనని, ఊడబీకక్కర్లేని పన్ను ఊడబీకనని కూడా మొక్కాడు.

మూలుగు గేటు ముందుకొచ్చింది.

ధబ్. ఒక్కటే దెబ్బ. మూలుగు ఆగింది. గుర్రుమనడం ఆగలేదు. ఎవరో నేల మీదకి దూకారు. గేటు కిర్రుమంది. అడుగులు... మెట్ల వైపే...

"ఏమండీ..."

భార్య గొంతు! దెయ్యాలు తెలిసిన గొంతుతోనే పిలుస్తాయని విన్నాడు. పలకలేదు.

"ఏమండీ, మిమ్మల్నే! ఆ డ్రమ్ము వెనక ఏం వెలగబెడుతున్నారు?"

ఆ చిరాకు అసలైనది. అంత చిరాకు ఏ దెయ్యానికీ చేతకాదు. కమాండర్ లేచి నిలబడ్డాడు.

గేటు బయట, ఇంటివైపు వీపు పెట్టి... ఆయన ట్రక్కు. ఇంజను గుర్రుమంటూ నడుస్తోంది. వెనక తలుపు మీద మెకానిక్ తాత కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"మీరు ఫోన్ చేయగానే షెడ్డుకి వెళ్లాను" అంది ఆవిడ, చేతులు తుడుచుకుంటూ. "మీ గొంతు విన్నాక ఇక స్కూల్లో కూర్చోబుద్ధి కాలేదు. రాత్రికి మీరు అన్నం ముట్టరు, నాకు తెలుసు. చివరిసారి చూడండి తాతా అని బతిమాలాను. ఇంజను అందుకుంది కానీ, ఎనిమిదింటిదాకా తిప్పలు పడ్డా ముందుకెళ్లే గేరు ఒక్కటీ పడలేదు. రివర్సే పడింది. ఆ గేరు పెట్టే ఊళతోనే కిలోమీటరు పొడుగునా వెనక్కే తోలుకొచ్చాను. మెడ పట్టేసింది."

"లైట్లు?" అన్నాడు కమాండర్ నీరసంగా.

"మీరు వేసిన వైరింగే కదా! మొత్తం బండిలో ఒక్క బల్బు వెలిగింది. అదిగో, ఆ కిందది."

కమాండర్ వంగి చూశాడు. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనుప బుర్ర. దానికి తెల్లరంగు. అంచు చుట్టూ బోల్టులు. పైన చిన్న బల్బు. యుద్ధంలో బండ్లు లైట్లార్పి వరసగా పోయేటప్పుడు, ముందు బండి ఎక్కడుందో వెనకవాడికి తెలియడానికి చేసే ఏర్పాటది. దాని గొప్పతనం గురించి కమాండర్ చెప్పని మనిషి లేడు. నోరు తెరిచి పడుకుని, వద్దనలేని పేషంట్లకు కూడా చెప్పేవాడు. ఆ తెల్లరంగు స్వయంగా మూడు పూతలు పూసింది కూడా ఆయనే.

"నేను వెనక కూర్చుని దారి చూస్తూ తలుపు కొట్టా" అన్నాడు తాత. "ఎవడో తాగుబోతు డాక్టర్ గారూ, దారి పొడుగునా మా ముందే పరిగెత్తాడు. గుద్దేస్తామేమోనని ప్రాణం గిలగిల్లాడింది."

ఆవిడ భర్త బట్టలకున్న బురద కేసి చూసింది. నవ్వు ఆపుకుంటూ పెదాలు బిగబట్టింది.

కమాండర్ మెట్టు మీద కూలబడ్డాడు. ఏడేళ్లు. ఈ చప్పుడు ఒక్కసారి వింటే చాలనుకుని ఏడేళ్లు కాచుక్కూర్చున్నాడు. తీరా అది వినిపించినప్పుడు పడుతూ లేస్తూ దానికి దూరంగా పరిగెత్తాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. సిగ్గుకో, సంతోషానికో తెలీదు.

"ఆ తాగుబోతును నేనే" అన్నాడు.

ఇక ఆవిడ ఆగలేకపోయింది. గేటు పట్టుకుని నవ్వింది. తాత కిందపడబోయి నిలదొక్కుకున్నాడు. ఈయన కూడా ముక్కు చీదుకుంటూ నవ్వాడు.

కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇంజను ఆపేయనా మరి?" అంది.

"వద్దొద్దు!" అని కమాండర్ లేచి ఉరికాడు. "ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో!"

తాత గొంతు సవరించుకున్నాడు.

"అవుతుంది డాక్టర్ గారూ. ప్లగ్గులకు ఆరు వైర్లున్నాయి కదా. ఏడేళ్లుగా నేను సరిగ్గా పెట్టి వెళ్లడం, మీరు పుస్తకం చూసి మార్చేయడం. ఆ పుస్తకం వేరే బండిది. ఇవాళ మీరు వెళ్లాక, అమ్మగారు అడిగితే నా లెక్కన పెట్టా. రెండోసారికే అందుకుంది." కాస్త ఆగి, మెల్లగా అన్నాడు. "మీరు చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు."

కమాండర్ డ్రైవరు పక్క సీటు ఎక్కి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.