దొర కారు కిర్రు

వేములవాడ దాటి కోరుట్లకు వచ్చే దారిలో, రోడ్డు వంకర తిరిగే చోట ఒక పాడుబడ్డ గడి, దొర ఉండిన కోటలాంటి ఇల్లు, ఉంది. పొద్దు గూకితే ఆ మలుపులో ఎవరూ బీడీ కూడా వెలిగించరని చెప్పుకునేవారు. ఎందుకంటే... అక్కడికి చచ్చిపోయిన దొర కారు వస్తుంది. లైట్లుండవు. ఇంజను చప్పుడు ఏ కారుదైనా ఒకటే గానీ, దీనికి ఇంకో చప్పుడు ఉంది. కిర్ర్... కిర్ర్... అని.

భాస్కర్ రావు దొర బతికున్న రోజుల్లో ఆయన కారు అట్లాగే కిర్రుమనేది. అది వినబడితే చాలు, మంచాల మీదున్నవాళ్లు లేచి, చెప్పులు విడిచి, గోడవారగా నిలబడేవారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చాక ఆ మలుపు పేరు మరీ చెడింది. బస్సులు బందు. ఊరూరా రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. గడి ముందు కూడా పెట్టారు. కానీ దొర కారు వచ్చిన రాత్రి ఆ రాళ్లు వాటంతట అవే పక్కకు జరుగుతాయట!

ఇది వట్టి మాట కాదని కోరుట్ల కమాలుద్దీన్ ఒట్టు వేసి చెప్పేవాడు. కళ్లారా చూశాడు మరి. దుబాయి పోయేవాళ్లను ఎక్కించుకుని, అడ్డుకునేవాళ్లకు కనబడకుండా లైట్లు ఆర్పేసి రాత్రిపూట ఆ దారిన పోయిన ప్రతిసారీ, రాళ్లు రోడ్డు పక్కన ఉండేవి. మనిషి జాడ ఉండేది కాదు. పెదవుల మీద దువా, ముక్కు మీద చెమట... బతుకు జీవుడా అని దాటేవాడు.

ఆయన భయానికి ఇంకో కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆ దొర దగ్గరే డ్రైవరు. దొర పోయాక వారసులు షెడ్డులో పడేసిన అంబాసిడర్‌ను తెచ్చుకుని కిరాయికి తిప్పుతున్నది ఆయనే. దొర తన కారు కోసమే వెతుక్కుంటూ వస్తున్నాడని ఆయన నమ్మకం.

మరి ఆ కిర్రు తన కారుదేనని ఎందుకు తట్టలేదంటారా? ఆయనకది వినబడదు. ఏళ్ల తరబడి అదే క్లచ్ తొక్కీ తొక్కీ, ఆ చెవులకు అది చప్పుడు కాకుండా పోయింది. పెడల్ దగ్గర బుష్ అరిగి కిర్రుమంటోందని జగిత్యాల మెకానిక్ చెప్పినా, కారు బాగానే ఉంది నీ చెవులే బాగా లేవని కసిరి వచ్చేశాడు.

ఇంతలో కూతురు షాజియాకు నెలలు నిండాయి. తొలి కాన్పు, పుట్టింట్లోనే కావాలి. సిరిసిల్లలో అత్తగారేమో, గడి ముందు నుంచి రాత్రిపూట పంపేది లేదని భీష్మించుకుంది. పగలు రోడ్లు మూసి ఉంటాయి, సమ్మె ఎప్పుడు తెగుతుందో తెలియదు, దారిలో నొప్పులొస్తే దిక్కెవరని కమాలుద్దీన్ బతిమాలాడు. చివరికి ఆమె ఊ అంది.

కారు కదిలిందో లేదో షాజియా చెవులు మూసుకుంది. క్లచ్ తొక్కినప్పుడల్లా ఆ కిర్రుకు కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతోందట. అల్లుడు నవీద్ లోపలికి పరుగెత్తి, మరమగ్గాలకు పోసే నూనె డబ్బా తెచ్చి పెడల్ కీలులో ధారగా పోశాడు. కిర్రు ఆగిపోయింది. అప్పుడు తెలిసింది కమాలుద్దీన్‌కు, ఏదో తగ్గిందని. ఏం తగ్గిందో మాత్రం తెలియలేదు.

మలుపు దగ్గర పడింది. లైట్లు ఆర్పాడు. గడి గోడ నల్లగా కనబడింది...

రాళ్లు జరగలేదు!

కారు ఆగింది. దొరకు కోపమొచ్చింది, ఇవాళ కారు అడుగుతాడు... ఇవ్వాల్సిందే. కానీ బిడ్డను ఇల్లు చేర్చేదాకా ఆగితే బాగుండు.

గోడ చాటు నుంచి గొంగళ్లు కప్పుకున్న నీడలు లేచాయి. ముందున్న నీడ వంగి చూసింది.

"ఎవలు?"

ఆ గొంతు గడి ఊళ్లో ఉండే ముసలి వెంకటవ్వది. కమాలుద్దీన్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. తనెవరో, ఎందుకొచ్చాడో గడగడా చెప్పాడు. వెంకటవ్వ వెనక సీటులోకి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది.

"నిండు గర్భిణిని మేం ఆపుతమా కొడుకా? పట్టపగలే తీస్కత్తె మేమే రాళ్లు తీసి పంపకపోదుమా?"

తర్వాత గొంతు తగ్గించింది. దొర కారు వచ్చే వేళయింది, తొందరగా పొమ్మంది. ఆ కిర్రు వినబడగానే తామే రాళ్లు తీసి, చెప్పులు విడిచి గోడ చాటున నిలబడుతున్నామని చెప్పింది.

"సచ్చినంక గూడ ఆనికి చెప్పులిడుసుడు తప్పుతలేదు. రేపు తెలంగాణ అచ్చినా గీ కిర్రు పోదా అని ఏడుపత్తది కొడుకా."

వెనక సీటులో షాజియా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. "అబ్బాజాన్... గది మన క్లచ్చే."

కమాలుద్దీన్‌కు అప్పుడు తలకెక్కింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ముసలామె కన్నీళ్లు చూసి మనసు కలుక్కుమంది.

"అవ్వా, దొర లేడు, ఎవ్వలు లేరు. గది నా కాలి కింది క్లచ్. గిటు సూడు."

అందరూ కారు చుట్టూ మూగారు. క్లచ్ తొక్కాడు. చప్పుడు లేదు. గట్టిగా తొక్కాడు. చప్పుడు లేదు. అల్లుడి నూనె ఎంత బాగా పనిచేసిందంటే, వెన్నలో వేలు పెట్టినట్టు దిగుతోంది పెడల్. ధైర్యం చెప్పడానికి పాపం అబద్ధమాడుతున్నాడని అందరూ జాలిపడ్డారు.

ఉడుక్కుంటూ దిగి, వాళ్లతో కలిసి రాళ్లు జరపసాగాడు. ఆఖరి రాయి జరిగింది.

అప్పుడు... గడి లోపల నుంచి...

కిర్ర్...

ఎవరూ కదలలేదు. కమాలుద్దీన్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. రెండూ రోడ్డు మీదే ఉన్నాయి.

కిర్ర్...

చీకట్లో చెప్పులు విడిచిన సవ్వడి. తలలు వంగాయి. వెంకటవ్వ కూడా ఒక కాలు చెప్పులోంచి తీసింది. తీసి... ఆగింది. మెల్లగా ఆ కాలు మళ్లీ చెప్పులో దోపుకుంది.

"ఎవడైతే నాకేంది? ఆడివిల్ల కోసం తీసినం రాళ్లు, ఆనికోసం గాదు. కారు పోంగనే మల్ల పెట్టుండ్రి."

కమాలుద్దీన్ ఎప్పుడు ఎక్కాడో, ఎట్లా నడిపాడో ఆయనకే గుర్తు లేదు. కథలాపూర్ దీపాలు కనబడ్డాక వెనక నుంచి షాజియా సన్నగా అడిగింది.

"అబ్బాజాన్, గప్పుడు... క్లచ్ నువ్వే తొక్కినవు గద?"

"ఆఁ... నేనే బిడ్డా," అన్నాడు. అంటూ గేరు మార్చడానికి క్లచ్ మీద కాలు వేశాడు.

ఇనుము చల్లగా తగిలింది. కిందికి చూసుకున్నాడు. వట్టి కాళ్లు. చెప్పులు గడి ముందరే ఉన్నాయి.