ఎనిమిదో కన్నె

మిట్టమధ్యాహ్నం...!

అర్ధరాత్రి అంటే హడలిపోయేవాళ్ళకు మిట్టమధ్యాహ్నం సంగతి తెలియదు. మనిషి నీడ కురచబారి కాళ్ళ దగ్గర ముడుచుకునే వేళ అది. పక్షి కూయని వేళ. అందులోనూ మార్గళి అనే ధనుర్మాసపు అమావాస్య...!

తమిళనాట పెన్నాగరం అడవి దాటాక, కావేరి రెండు కొండలను నిలువునా కోసుకుంటూ పారే చోటును ఏడుకన్నెల లోయ అంటారు. ఆదివారం వచ్చిందంటే అక్కడ ఇసుక వేస్తే రాలదు. సేలం కార్లు, బెంగుళూరు కార్లు, చేపల వేపుడు పొగ, సెల్ఫీలు, పగిలిన సీసాలు... అంత జనం తొక్కే దారిలో అమావాస్య మధ్యాహ్నం మాత్రం మేకల కాపరి కూడా కాలు పెట్టడు. ఒడ్డున వరసగా నిలిచిన ఏడు రాళ్ళలో పెళ్ళెరుగని దేవతలు ఏడుగురు కన్నెమ్మలు కొలువున్నారు. ఆ వేళ వాళ్ళు స్నానానికి దిగుతారు. ఆ కాస్త పొద్దూ లోయను వాళ్ళకు వదిలెయ్యాలన్నది తాతల నాటి కట్టడి. పైగా అక్కడి లెక్కన ఆ రోజే హనుమజ్జయంతి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వడమాలలు పట్టుకుని ఆంజనేయుడి గుళ్ళకు పోయాయి.

లోయ నిండా మంచు. సూర్యబింబం పాలిపోయి, అరిగిపోయిన నాణెంలా మసకగా వేలాడుతోంది. కాలం కాని కాలంలో కొండల వెనక ఉరుము దొర్లింది. పట్టపగలు గుడ్లగూబ కూసింది...!

ఆ ఏడు రాళ్ళలో ఒకదానికి వీపు ఆనించి ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడి ముందు నల్లముగ్గు. ముగ్గు నడుమ నల్లదారాలు చుట్టి, కుంకుమ మెత్తిన కపాలం. చిన్నది. పళ్ళు ఇంకా తెల్లగా ఉన్నాయి.

వాడు రాజమాణిక్కం. బి. మల్లాపురం వాడు. లోకానికి కొండదారులు చూపే గైడు. “చలికాలపు నడక, గుంపు లేని లోయ, మీరూ మీ నిశ్శబ్దమూ” అని ఫోనుల్లో వాడి ప్రకటనలు తిరిగేవి. గుంపును తప్పించుకోవాలని పట్నం జనం గుంపులు గుంపులుగా వాడి వెంట పడ్డారు! ఎవరూ లేని దారి ఏదో, ఎవరూ రాని పొద్దు ఏదో వాడికి తెలిసినంతగా మరొకడికి తెలియదు. ఆ విద్య వాడు కొండల మీద ప్రేమతో నేర్చుకోలేదు. శ్మశానాల్లో నేర్చుకున్నాడు. వాడు క్షుద్రోపాసకుడు. తెల్లవారితే బూట్లు వేసుకుని నలుగురికీ నవ్వుతూ నమస్కారం పెట్టే ఆ చేతులే గోరీలు తవ్వేవి. ఆ రోజు కూడా లోయ మొదట్లో దారికి అడ్డంగా గొలుసు కట్టి, వరద వచ్చింది, లోపలికి రావద్దు అని బోర్డు వేలాడదీసి మరీ వచ్చాడు. చలికాలంలో వరదట! చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆ కపాలం మోనిషది.

కారిమంగళం దగ్గర టమాటా పండించుకునే గోవిందసామి చిన్నకూతురు మోనిష. ప్లస్ టూ చదువుతూ, నిరుడు ఇదే అమావాస్యనాడు విషజ్వరంతో పోయింది. పెళ్ళి కాకుండా పోయిన పిల్లను వాళ్ళ ఇళ్ళలో కాల్చరు, పొలం గట్టున పూడుస్తారు. ఏడాది తిరిగిన తిథినాడు, దీపం పెట్టేలోగా ఇంటికి పిలుచుకొచ్చి, కొత్త పావడ పెట్టి కన్నెమ్మగా కూర్చోబెడతారు. ఇక ఆ ఇంట ఏ పండగైనా మొదటి ముద్ద ఆమెదే. ఆ తిథి దాటిపోతే మాత్రం ఆమె ఏనాటికీ ఇల్లు చేరదు. ఈలోగా తల ఎవడి చేతికి చిక్కితే వాడికి ఊడిగం చేస్తూ గాలిలో తిరగాల్సిందే.

తిథి దగ్గర పడుతుండగా గట్టున మట్టి తవ్వి ఉండడం తల్లి మునియమ్మ చూసింది. మొండెం ఉంది. తల లేదు...! గోవిందసామి స్టేషనుకు పరుగెత్తాడు. కుక్కలు లాగి ఉంటాయి పొమ్మన్నారు. ఆ మాట అన్న నోరు పుచ్చిపోను! కన్నబిడ్డ తల పోయిందని ఏడుస్తున్న మనిషితో అనే మాటేనా అది?

ఆ సాయంత్రమే పెద్దకూతురు చిత్ర ఫోనుకు ఒక గొంతు వచ్చింది.

“నీ చెల్లి తల నా దగ్గర ఉండాది. అమావాస్య మధ్యాన్నానికి ఏడుకన్నెల లోయకి ఒంటిగా రా. దానికి కుట్టిన పావడ తీసుకొని రా. కూట్టం కట్టుకొని వచ్చినావంటే తల కావేరిలో ఏసేస్తాను.”

చిత్ర కారిమంగళంలో బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఎర్ర అంచు పెట్టి పసుపు పచ్చ పావడ తానే కుట్టింది. మగడు వెంట వస్తానన్నాడు, తండ్రి కొడవలి తీశాడు. ఇద్దరినీ ఆపేసింది. ఒక్క గులకరాయి విసిరినంత తేలిగ్గా వాడు ఆ తలను నీళ్ళలో పారేస్తే ఏం చెయ్యగలరని అడిగితే తండ్రి కొడవలి మళ్ళీ చూరులో దోపాడు. ఆమెకు భయం లేదని కాదు. భయం కన్నా ఒళ్ళు మంట ఎక్కువగా ఉంది. బస్సు దిగి, ఆటో దిగి, ఆ దొంగ బోర్డు కింద నుంచి వంగి లోయలోకి నడిచింది.

ఎన్నోసార్లు జనంతో కలిసి నడిచిన దారే. ఇప్పుడు తన చెప్పుల చప్పుడే తనను ఎవరో వెంటాడుతున్నట్టు వినిపించింది. రాతిగోడలు రెండు పక్కలా దగ్గరికి జరిగాయి. మంచులో నిమ్మకాయలు కాలిన వాసన... ఎండిన రక్తపు వాసన... మలుపు తిరిగేసరికి ఎదురుగా వాడు!

వాడు కన్నెమ్మల రాళ్ళకు చేసిన పని చూసి ఆమె నెత్తురు ఉడికిపోయింది. నడిమి రాతి తల మీద వాడి నీళ్ళసీసా ఉంది. పక్క రాయికి వాడి సంచి తగిలించి ఉంది.

“తల ఇచ్చేయి. పోతాను” అంది చిత్ర.

ఇస్తానన్నాడు. ముందు పావడ పట్టుకుని ముగ్గులో కూర్చోమన్నాడు, తల తీసి ఒడిలో పెడతానన్నాడు. అది మోసమని ఆమెకు తెలుసు. తెలిసీ కూర్చుంది. చెల్లెలు అక్కడ ఉంటే తాను ఇవతల ఎలా నిలబడుతుంది?

కూర్చున్న మరుక్షణం నల్లముగ్గు చుట్టూ నీలిమంట లేచింది...! రాజమాణిక్కం కళ్ళు ఎర్రటి నిప్పుకణికలయ్యాయి. వాడి నోట హ్రీంకార హుంకారాలు రాతిగోడలకు కొట్టుకుని వెయ్యి నాలుకలతో తిరిగొచ్చాయి. ఆకాశం ఫెళఫెళమంది. కపాలం కంటిగుంతల్లో నుంచి నల్లటి పొగ పాకుతూ వచ్చి చిత్ర పాదాలను తాకింది. చలి... మోకాళ్ళు... నడుము... గొంతు దాకా గడ్డకట్టించే చలి! ఆమె తల తనంతట తానే గిర్రున తిరగసాగింది. జుట్టు ముడి విడిపోయింది. వాడికి కావలసింది అదే. చచ్చిన కన్నెను ఆమె తోడబుట్టిన దాని ఒంట్లోకి దించితే, నడిచే, మాట్లాడే, చెప్పింది చేసే దాసి దొరుకుతుంది. దాచిన గుట్టులు చెప్పడానికి, గిట్టని వాళ్ళ గొంతు నొక్కడానికి. ఆ పిల్ల పరీక్ష రాయాల్సిన పిల్ల! దాన్ని తన కుక్కగా కట్టేసుకోవాలనుకున్నాడు ఆ నీచుడు.

అప్పుడు చిత్ర నోట్లో నుంచే మోనిష గొంతు వచ్చింది.

“అక్కా... సలిగా ఉండాది. వీడు పో అంటే పోవాల, రా అంటే రావాల. అమ్మ నన్ను మరిసిపోయిందా?”

తన గొంతులో చెల్లెలి ఏడుపు విని చిత్ర గుండె చెరువైంది. వెంటనే అంతకు పదింతలు కోపం వచ్చింది.

ఆ ఇళ్ళలో కన్నెమ్మను పిలిచే పద్ధతి వేరు. మంత్రం లేదు, పూజారి లేడు. ఏడిస్తే అసలే రాదు. ఆట మరిగి ఇంటికి రాని పిల్లను ఎలా కేకలేస్తారో, అలా ఆడవాళ్ళు తిట్టి పిలవాలి. పరాయి దాన్ని ఎవరూ అంత చనువుగా తిట్టరు. తిట్టు వింటే పిల్లకు ఇంకా ఈ ఇంటిదాన్నేనని నమ్మకం కుదురుతుంది. ఆ పిలుపు అప్పుడు మగవాళ్ళను వాకిట్లోకి తరిమేస్తారు. అది ఏ తాటాకు గ్రంథంలోనూ లేదు. రాజమాణిక్కం శ్మశానాలన్నీ తవ్వాడు గానీ, ఆడవాళ్ళ గదిలో ఏం జరుగుతుందో ఏనాడూ వినలేదు.

చిత్ర పళ్ళు బిగించి గొంతు తన స్వాధీనంలోకి తెచ్చుకుంది.

“ఏమే మోనిషా, బుద్ధి ఉండాదా నీకి? పొద్దు యాడికి పోయిందో చూసినావా? అమ్మ పొద్దున నుంచి నీళ్ళు కూడా తాగలేదు. ఆకులో నీ కూడు పెట్టుకొని కూర్చొనుండాది. నువ్వేమో ఎవడో పిలిస్తే వచ్చి ఈడ ఏడుస్తా ఉండావు. వాడెవడే నీకి? పెట్టినాడా, పెంచినాడా? లెయ్. ఈ పావడ కట్టుకో. ఇంటికి నడువు.”

రాజమాణిక్కం విరగబడి నవ్వాడు. వాడు చదివిన క్షుద్రవిద్యలో కన్నీరు బంధాన్ని నిలుపుతుంది, తిట్టు తెంచుతుంది.

“బాగా తిట్టు. నువ్వు తిట్టేకొద్దీ అది నాదయిపోతుంది” అన్నాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఆ సంగతి ఇలాంటి వాళ్ళకు తల మీద పడ్డాక గానీ తెలియదు!

కపాలం మీది నల్లదారం ఒకటి టప్పున తెగింది. మరొకటి... ఇంకొకటి... నీలిమంట ఊదిన దీపంలా ఆరిపోయింది. చిత్ర ఒళ్ళో పావడ ఎవరో లోపలికి దూరినట్టు నిండుగా పొంగి లేచి నిలబడింది...! గాలి లేదు. ఆకు కదలడం లేదు. పసుపు పచ్చ పావడ మాత్రం కుచ్చిళ్ళు ఆడిస్తూ ఆమె ముందు నిలబడి ఉంది.

వాడి నవ్వు ఆగింది. మంత్రం అందుకోబోయాడు. నాలుక మెదలలేదు. ఏళ్ళ తరబడి జపించిన అక్షరాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వెనక నీళ్ళలో ఎవరో దిగిన చప్పుడయింది.

ఆ తర్వాత రాతి మీద తడి అడుగులు పడ్డాయి. చిన్న చిన్న ఆడపిల్లల అడుగులు. మనుషులు లేరు, అడుగులు మాత్రం ఒకటొకటే పడుతూ వస్తున్నాయి. ఒక వరస... రెండు వరసలు... ఏడు వరసలు! జనం లేరంటే ఎవరూ లేరని అనుకున్నాడు వాడు. తాము స్నానం చేసే వేళ, తమ రాయికి వీపు ఆనించి, తమలాంటి ఆడపిల్ల తలకు దారం కట్టినవాడిని ఆ తల్లులు వదులుతారా? ఇంటి పిలుపు అందుకున్న పిల్ల ఇక దిక్కులేని దయ్యం కాదు. కన్నెమ్మ! ఏడు వరసల పక్కన ఎనిమిదో వరస మొదలైంది.

నడిమి రాయి మీది సీసా పగిలి ముక్కలైంది. రాజమాణిక్కం లేచి పరుగెత్తాడు. ఆదివారం వెయ్యి మంది నడిచే దారి అది. ఒక్క కేక వేస్తే పది మంది దూకేవాళ్ళు.

“ఎవరన్నా ఉండారా? కాపాడండి!”

ఉండారా... ఉండారా... అని లోయ వెక్కిరించింది. ఎవరుంటారు? గొలుసు కట్టి జనాన్ని వెనక్కి తిప్పి పంపింది వాడే కదా! తడి అడుగులు వాడిని దాటిపోయి ముందు దారిని మూసేశాయి. వెనక అడుగులు, పక్కన అడుగులు. వాడు నీటి అంచుకు తగ్గాడు. మోకాటి లోతు కూడా లేని ఆ ఒడ్డు నీళ్ళు నోరు తెరిచాయి...! వాడి జుట్టు పట్టి ఎవరు వంచారో కనిపించలేదు. ఒక భయంకరమైన అరుపు, ఆ అరుపును మధ్యలోనే మింగేసిన ఉరుము... తర్వాత నీళ్ళ మీద వాడి బూటు ఒకటి తేలింది. దాన్ని కూడా కావేరి ఉంచుకోలేదు, ఛీ అన్నట్టు ఒడ్డుకు విసిరేసింది.

చెరపకురా చెడేవు. మంచు విడిపోయింది. లోయలో ఎండ పడింది.

పావడ మెల్లగా కుంగి రాతి మీద వాలింది. చిత్ర ఆ కపాలాన్ని కావేరి నీళ్ళతో కడిగింది. కుంకుమ పోయేదాకా, వాడి చేతి వాసన పోయేదాకా కడిగింది. పావడలో చుట్టి గుండెకు అదుముకుంది. ఏడు రాళ్ళకూ దణ్ణం పెట్టి దారి పట్టింది.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. గుడి నుంచి వస్తున్న జనం, పిల్లల గోల, చెమట వాసన, తమలపాకుల వాసన. ఎవరో సీటు ఇచ్చారు. ఎవరో ముసలమ్మ మాల తెంపి ఒక వడ చేతిలో పెట్టింది. ఒళ్ళో మూట పెట్టుకుని ఆ గుంపు మధ్య కూర్చుంటే, లోయలో రాని ఏడుపు చిత్రకు అప్పుడు వచ్చింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది, ఇంకా దీపం పెట్టలేదు. మగవాళ్ళు వాకిట్లో లేచి నిలబడి పక్కకు తప్పుకున్నారు. మునియమ్మ అరిటాకు ముందు పొద్దుటి నుంచి కూర్చున్న చోటే కూర్చుని ఉంది. చిత్ర మూట విప్పి ఆమె ముందు పెట్టింది. ఆ తల్లి ఏడవలేదు. ఏడవకూడదు. ఆకు ముందుకు జరిపి, గొంతు పెంచి కసిరింది.

“ఇంతసేపు యాడ తిరిగినావే? కూడు సల్లారిపాయ. కూర్చో, తిను.”